ఊరు దాటనివ్వకపోయినా దారులు దిద్దిన దివాన్

హైదరాబాద్ నుంచి సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ దాటి సోలాపూర్ పోయే సడక్‌ను ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. 2010లో నంబర్లు మార్చకముందు ఇది 9వ నంబరు. పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే ఈ దారిలో లారీ టోల్ గేటు ఎప్పుడు దాటిందో ఫాస్టాగ్ చెప్తుంది. రోడ్డు ఎక్కడ ఎగుడుదిగుడైందో కారుకు కట్టిన యంత్రం కొలుస్తుంది. ఏ మలుపులో ప్రమాదాలు ఎక్కువో పోలీసుల దగ్గర లెక్క ఉంటుంది. నూట అరవై ఏళ్ల కిందట ఇదే దారికి జవాబుదారీగా ఉన్న మనిషి మాత్రం దాన్ని కళ్లతో చూడాలన్నా చూడలేని పరిస్థితి. హైదరాబాద్ నగరం దాటి బయట అడుగుపెట్టాలంటే ఆయనకు నిజాం అనుమతి కావాలి. ఆయన రాజ్యానికి దివాన్. పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. లోకం ఆయన్ని మొదటి సాలార్ జంగ్ అంటుంది.

సాలార్ జంగ్ అనగానే చాలామందికి మూసీ ఒడ్డున మ్యూజియమే గుర్తొస్తుంది. ఆ మ్యూజియంలో వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది ఆయన మనవడు, మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మను మాత్రం తాతగారే 1876లో ఇటలీలో కొన్నారు. తాత అసలు చేసిన పని అద్దాల వెనక పెట్టి చూపించేది కాదు కాబట్టి అది జనానికి అంతగా తెలియదు.

ఆయన 1829 జనవరిలో బీజాపూర్‌లో పుట్టారు. ఇంటి నిండా దివాన్లే. తాత మునీరుల్ ముల్క్ దివాన్, ముత్తాత మీర్ ఆలమ్ కూడా దివానే. తండ్రి చిన్నప్పుడే పోవడంతో ఇంటిపెద్దల దగ్గరే పెరిగారు. తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ కూడా దివాన్‌గిరీ చేసినవారే. 1847 ప్రాంతంలో, పద్దెనిమిదేళ్ల వయసులో ఖమ్మం వైపు తాలూకాల వసూళ్లు కుర్రవాడి చేతికిచ్చారు. అంతకుముందు వాటిని చూసింది డైటన్ అనే ఇంగ్లీషు మనిషి. పల్లె లెక్క, పటేలు పట్వారీల లెక్క, సర్కారు లెక్క ఎందుకు కలవవో ఆ కొద్ది నెలల్లోనే దగ్గర నుంచి చూశారు. తర్వాత ముప్ఫై ఏళ్లు చేసిన పనికి అదే బడి.

1853 మే నెల ఆ ఇంటికీ రాజ్యానికీ గడ్డుగా గడిచింది. కంటింజెంట్ సైన్యం ఖర్చు బాకీ పడిందని ఇంగ్లీషువాళ్లు ఆ నెల 21న బేరార్‌ను, రాయచూరు దోయాబ్‌ను, ధారాశివ్ ప్రాంతాన్ని రాయించుకున్నారు. సంతకాల తడి ఆరకముందే సిరాజుల్ ముల్క్ చనిపోయారు. మే 31న దివాన్ పదవి ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీకి వచ్చింది. ఖజానా ఖాళీ. మంచి పంట పండే తాలూకాలు అప్పుల కింద అరబ్ జమేదార్ల దగ్గర, రోహిల్లాల దగ్గర, సాహుకార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. నౌకర్లకు జీతాలు నెలల తరబడి బాకీ.

ధారాశివ్ పోయిందంటే ఒక జిల్లా పోయిందని మాత్రమే అర్థం కాదు. నల్‌దుర్గ్ అందులోనే ఉంది. హైదరాబాద్ నుంచి సోలాపూర్ పోయే దారికి పడమటి చివర అదే. ఇప్పటి జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా మీదుగా పోయే బండ్లు కొంత దూరం నిజాం మనుషుల చేతిలో, ఆ పైన కంపెనీ మనుషుల చేతిలో నడిచాయి. నల్‌దుర్గ్‌లో కంపెనీ అధికారిగా కూర్చున్నది మెడోస్ టేలర్. దక్కన్ దారుల మీద బాటసారుల మెడకు రుమాలు బిగించి చంపే ఠగ్గుల కథను 1839లో నవలగా అచ్చేసినవాడు. ఆ పుస్తకం లండన్‌లో వేడివేడిగా అమ్ముడుపోయింది. ఇక్కడి బేపారికి మాత్రం అది కథ కాదు, ప్రయాణానికి ముందు ఇంట్లో చెప్పి పోవాల్సిన భయం.

అప్పట్లో రోడ్డు బాగుందో లేదో చెప్పాలంటే రాళ్లు, మొరం చూస్తే సరిపోయేది కాదు. జహీరాబాద్, కోహీర్, బీదర్ వైపు నేల ఎర్రరాతి మెట్ట. మొరానికి కొదవ లేదు, వాన పడ్డా బండి నడుస్తుంది. హుమ్నాబాద్ దాటాక నల్లరేగడి మొదలవుతుంది. వానాకాలంలో చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. మధ్యలో నారింజ వాగు లాంటివి పొంగితే వంతెన లేని చోట ఒడ్డునే పొయ్యి రాజేసుకుని నీళ్లు తగ్గేదాకా కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్లు, అప్పటి కొలతలో నూట ఎనభై మైళ్ల పైమాట. ఎద్దుబండి రోజుకు పన్నెండు, పదిహేను మైళ్లు లాగినా రెండు వారాల ప్రయాణం. అంతా బాగుంటే సంగతి ఇది.

అంతా బాగుండేది కాదు. ఒక జాగీరు పొలిమేర దాటితే రాహ్‌దారీ, ఇంకో జాగీరులో కాలు పెడితే మళ్లీ రాహ్‌దారీ. దారి సుంకం అన్నమాట. ఒకే పత్తి బస్తాకు బజారు చేరేలోపు నాలుగైదు చోట్ల కట్టాలి. వసూలుచేసేవాడు ఆ దారికి పిడికెడు మొరం వేసిన పాపాన పోయేవాడు కాదు. పైగా జీతం రాని రోహిల్లాల గుంపులు దారి కాచి దోచుకునేవి. రోడ్డు ఎంత గట్టిగా ఉన్నా సుంకాల నాకాలు, దోపిడీ గుంపులు ఉన్నంతకాలం అది దారి కిందికి రాదు.

సాలార్ జంగ్ పని మొదలుపెట్టింది ఆ చివరి నుంచే. రాళ్లు కొట్టించడానికి ముందు లెక్కలు సరిచేశారు. వసూళ్లు గుత్తకిచ్చే ఇజారా పద్ధతి ఎత్తేసి జీతం తీసుకునే తాలూక్దార్లను పెట్టారు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. అరబ్బుల, రోహిల్లాల బాకీ తగాదాలు తేల్చడానికి ప్రత్యేక అదాలతు పెట్టారు. కత్తి చూపించి వసూలుచేసుకునే రోజులు అలా తగ్గాయి. లోపలి రాహ్‌దారీ సుంకాలు ఎత్తేసి, రాజ్యం సరిహద్దులో ఒకేసారి నూటికి ఐదు చొప్పున కట్టే పద్ధతి తెచ్చారు. బండివాడికి ఇది తారు రోడ్డు వేసినంత పని. ఎంత కట్టాలో, ఎక్కడ కట్టాలో ఇంటి దగ్గరే తెలిసిపోయింది.

1857 సంగతి చెప్పకుండా ఈయన జీవితం చెప్పలేం. ఆ జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి పోయారు. సాలార్ జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షం నిలబడ్డారు. దీనికి ఆయన్ని ఈ రోజుకూ తప్పుపట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోపం అర్థంలేనిది కాదు. తుర్రెబాజ్ ఖాన్ శవాన్ని నడివీధిలో వేలాడదీసిన నగరం ఇది. దివాన్ పక్షం నుంచి చూస్తే చేతిలో సైన్యం లేదు, ఖజానాలో పైసా లేదు, సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు పటాలం కూర్చుని ఉంది. ఆయన రాజ్యం మిగలాలని ఎంచుకున్నారు. 1860 ఒడంబడికలో ధారాశివ్, రాయచూరు దోయాబ్ తిరిగొచ్చాయి, యాభై లక్షల బాకీ మాఫీ అయింది. బేరార్ మాత్రం రాలేదు. నల్‌దుర్గ్ తిరిగి రావడంతో సోలాపూర్ సడక్ మళ్లీ దాదాపు మొత్తం ఒకే సర్కారు చేతికి వచ్చింది.

సరిగ్గా ఆ ఏడాదే, 1860లో, బొంబాయి నుంచి జీఐపీ రైలు సోలాపూర్ చేరింది. ఒక్కసారిగా ఆ పాత సడక్ విలువ పెరిగిపోయింది. బొంబాయికి పోవాలన్నా, అక్కడి సరుకు హైదరాబాద్ రావాలన్నా సోలాపూర్ స్టేషన్ దాకా బండి దారే గతి. ఇక ఆ దారి మీద ఒక వంతెన కూలితే ఒక ఊరు ఇబ్బందిపడి ఊరుకునేది కాదు, రాజధాని బజారులో ధరలు కదిలేవి. పదేళ్ల పైచిలుకు కాలం రాజ్యానికి ఇదే ముక్కుదారం.

ఇంతటి దారికి జవాబుదారీ అయిన దివాన్ నగరంలో బందీలాంటివాడే. నిజాం అఫ్జలుద్దౌలాకు ఆయన మీద నమ్మకం తక్కువ. ఇంగ్లీషువాళ్ల మనిషని అనుమానం. 1861లో పదవి నుంచి తీసెయ్యాలని కూడా చూశారు. 1859లో దర్బారు నుంచి రెసిడెంట్ డేవిడ్‌సన్‌తో కలిసి వస్తుంటే ఒకడు తుపాకి పేల్చాడు, గురి తప్పింది. 1868లో దర్బారుకు పోతుంటే మళ్లీ కాల్పులు. ఇంట్లో దావత్‌కో, ఊరి బయట తోటకో పోవాలన్నా హుజూర్ అనుమతి అడగాల్సిందే. రాజ్యం ఎనభై వేల చదరపు మైళ్లు. దాన్ని నడిపే మనిషి తిరిగే జాగా దివాన్ దేవిడీ నుంచి దర్బారు దాకా.

కంటితో చూడలేనివాడు కాగితంతో చూడాలి. అప్పటిదాకా దక్కన్‌లో ఏ దివాన్ చేయని పని ఆయన చేసింది అందుకేనేమో. 1865లో జిలాబందీ తెచ్చారు. అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు అవ్వల్ తాలూక్దార్‌ను, పోలీసుకు ముహ్తమిమ్‌ను పెట్టారు. జిల్లాబోర్డు మీద రాసుకోవడానికి పనికొచ్చే పేర్లు కావివి. ఫలానా పొలిమేర నుంచి ఫలానా వాగు దాకా దోపిడీ జరిగితే ఎవర్ని అడగాలో మొదటిసారి తెలిసింది. 1868లో పై స్థాయిలో నలుగురు సదరుల్ మహాంలను నియమించారు. అదాలతు ఒకరికి, మాల్‌గుజారీ ఒకరికి, పోలీసు ఒకరికి. నాలుగో ఆయన చేతిలో మిగిలినవన్నీ, అందులో తామీరాత్ ఒకటి. ఇప్పుడు ఆర్ అండ్ బీ అంటున్న శాఖకు హైదరాబాద్ రాజ్యంలో మొలక అక్కడే. రోడ్లకు, వంతెనలకు, సర్కారు భవనాలకు ఇంజినీర్లు, ఏటా ఇంత అని ఖర్చు పద్దు, పని అయిందో లేదో నివేదిక.

తపాలా కూడా ఈ లెక్కలో భాగమే. 1869లో నిజాం రాజ్యం మొదటి స్టాంపు అచ్చయింది. హర్కారా సంచి జిల్లా కచేరీ నుంచి దేవిడీకి ఎన్ని రోజుల్లో చేరిందన్నది ఉత్తరం కబురు మాత్రమే కాదు, దారి కబురు కూడా. సంచి ఆలస్యమైందంటే వాగు పొంగి ఉండాలి, లేదా దారిలో ఎవరో అడ్డుపడి ఉండాలి. పొద్దున్నే లేచి అర్జీదారులను కలవడం, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా, మళ్లీ రాత్రి దాకా కాగితాలు చూడటం ఆయన దినచర్య. వచ్చినవాడు అమీరైనా, అంగడివాడైనా వినేవారని పేరు. అర్జీ కూడా ఒక కొలతే కదా. ఒకే దారి మీద పది ఫిర్యాదులు వస్తే అక్కడి తాలూక్దార్ పంపిన నివేదికను రెండోసారి చదవాల్సి ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. జాగీర్ల లోపల, పాయిగా ఇలాకాల లోపల దివానీ కాగితం నడవదు. అక్కడి కొత్వాల్ వేరు, అదాలతు వేరు. సడక్ మాత్రం దివానీ నేల, జాగీరు నేల అని చూసుకుని పోదు. ఇప్పటి జహీరాబాద్ చుట్టుపక్కల కూడా ఇలాంటి ముక్కలు చాలానే ఉండేవి. వాటిని కలపడం ఆయన వల్ల కాలేదు. రాజ్యం ఉన్నన్నాళ్లూ ఎవరి వల్లా కాలేదు.

1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా పోయారు. గద్దె మీద మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీ ఖాన్. సాలార్ జంగ్, అమీరె కబీర్ కలిసి రాజ్యం చూసుకోవాలని ఏర్పాటైంది. దివాన్‌కు అప్పుడు గానీ నగరం గోడలు దాటే స్వేచ్ఛ రాలేదు. నలభై ఏళ్ల వయసులో, పదహారేళ్లు పాలించిన తర్వాత.

అదే సమయంలో రైలు మాట వచ్చింది. బొంబాయి, మద్రాసు రైలు పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ లైను నిజాం రాజ్యం గుండానే పోతుంది గానీ రాజధానిని తాకదు. వాడి నుంచి హైదరాబాద్‌కు కొమ్మ వేయాలని ఇంగ్లీషువాళ్లు ఒత్తిడి తెచ్చారు. సికింద్రాబాద్, తిరుమలగిరి పటాలాలను త్వరగా కదిలించడం వాళ్లకు ముఖ్యం. 1870లో ఒప్పందం జరిగింది. ఖర్చు నిజాం సర్కారుది, కట్టించే పెత్తనం ఇంగ్లీషు ఇంజినీర్లది. 1874 అక్టోబరులో బండి నడిచింది. రెండు వారాల దారి ఒక పగలూ రాత్రి లోపల తేలిపోయింది. మనిషి ప్రయాణాన్ని బట్టి కొలిస్తే ఇంతకు మించిన విజయం లేదు.

ఖజానా లెక్కను బట్టి కొలిస్తే కథ వేరు. మొదటి ఏళ్లలో రైలు రాబడి పెట్టిన డబ్బుకు వడ్డీకి కూడా సరిపోలేదు. ప్రతి ఏడాదీ సర్కారు తన జేబు నుంచి పూడ్చాల్సి వచ్చింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? జిల్లా రోడ్లకు, చెరువు కట్టలకు పెట్టాల్సిన దాన్నుంచే కదా. పైగా లైను తాండూరు, వికారాబాద్ మీదుగా పోయింది. సోలాపూర్ సడక్ ఉత్తరాన పక్కకు ఉండిపోయింది. సరుకు రైలెక్కింది, సడక్ మీద బండ్లు పలచబడ్డాయి. సదాశివపేట సంత నుంచి పత్తి పోయే దారి మారింది. జహీరాబాద్ వైపు పల్లెలకు రైలు రావడానికి ఇంకో యాభై ఏళ్ల పైనే పట్టింది. కొత్తది ఎంత వేగంగా పోతుందో అందరూ కొలిచారు గానీ, పాత దారి మీద బతికినవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో కొలిచిన కాగితం లేదు.

రైలు తెరిచిన రెండేళ్లకు 1876-78 కరువు వచ్చింది. రాయచూరు, లింగసుగూరు, గుల్బర్గా వైపు దెబ్బ ఎక్కువ. ధాన్యం రైలు మీద స్టేషన్ దాకా వచ్చేది. అక్కడి నుంచి పల్లెకు చేర్చాలంటే మళ్లీ ఎద్దుబండి, మళ్లీ మట్టి దారి. సర్కారు కరువు పనులు పెట్టి కూలికి రోడ్లు, చెరువులు చేయించింది. లోపలి దారుల మీద చేసిన ఖర్చు దండగ కాదని, రైలు పట్టా ఒక్కటే రాజ్యాన్ని నిలబెట్టదని ఆ రెండేళ్లు చూపించాయి.

మధ్యలో, 1876 వేసవిలో, ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. ఒకప్పుడు నగరం గోడ దాటలేని మనిషి లండన్‌లో రాణిని కలిశారు, ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ తీసుకున్నారు. దారిలో పారిస్ హోటల్ మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లిన అతిథిని అక్కడి పత్రికలు మెచ్చుకున్నాయి. వెళ్లిన అసలు పని బేరార్ తిరిగి అడగడం. సన్మానాలన్నీ ఇచ్చారు, అది మాత్రం ఇవ్వలేదు. పైగా ఆ పట్టుదల వల్ల ఇండియాలోని ఇంగ్లీషు సర్కారుకు ఆయన మీద కోపం పెరిగింది.

1883 ఫిబ్రవరి మొదటి వారంలో జర్మనీ నుంచి మెక్లెన్‌బర్గ్ డ్యూక్ హైదరాబాద్ వచ్చాడు. అతిథి కోసం మీర్ ఆలమ్ చెరువు మీద విందు ఏర్పాటు చేశారు. ముత్తాత కట్టించిన చెరువు అది. ఆ వెంటనే దివాన్‌కు కలరా సోకింది. ఫిబ్రవరి 8న చనిపోయారు. వయసు యాభై నాలుగు. దాయిరా మీర్ మోమిన్‌లో దఫన్ చేశారు.

రైలు లెక్క మాత్రం ఆయనతో ముగియలేదు. లైనును ఒక లండన్ కంపెనీ చేతికిచ్చి చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించే బేరం అప్పటికే నడుస్తోంది. కంపెనీకి నష్టం వస్తే నిజాం ఖజానా వడ్డీ హామీ ఇవ్వాలి. నగరంలో చదువుకున్నవాళ్లు కమిటీగా ఏర్పడి ఈ బేరం వివరాలు ప్రజలకు చెప్పాలని, ఆలోచించడానికి వ్యవధి ఇవ్వాలని అడిగారు. ముందు నిలబడ్డవాళ్లలో డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు. 1883 మేలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. డిసెంబరులో ఒప్పందం కుదిరింది. పట్టాలు 1889లో బెజవాడ చేరాయి.

కంపెనీ చేతి నుంచి రైలును నిజాం సర్కారు తిరిగి కొనుక్కున్నది 1930లో. వికారాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్ లైను కూడా ఆ కాలంలోనే పడింది. 1932 జూన్‌లో అదే రైల్వే శాఖ కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. రైలూ రోడ్డూ ఒకే కచేరీ లెక్క పుస్తకంలోకి రావడం అదే మొదలు.